టైగర్ ష్రైక్‌ని గుర్తుపట్టడం ఎలా?

టైగర్ ష్రైక్ (వంకర ముక్కుతో వేటాడే ష్రైక్ అనే చిన్న పిట్టల్లో ఒక రకం) కోసం బయల్దేరేవాళ్లలో చాలామంది పక్షుల్ని గుర్తుపట్టే ఫీల్డ్ గైడ్ పుస్తకంలోని మగపక్షి బొమ్మను మనసులో పెట్టుకుని వెళ్తారు. బూడిద రంగు తల, కళ్ల మీదుగా నల్లటి ముసుగు, ఇటుక రంగు వీపు మీద నల్ల చారలు, తెల్లటి పొట్ట. తీరా సింగపూర్‌లోనో హాంకాంగ్‌లోనో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కొమ్మ మీద కనబడేది ఆ బొమ్మకు పోలికే లేని గోధుమ రంగు పిట్ట. ముసుగూ ఉండదు, బూడిద రంగూ ఉండదు. "ఇదేదో బ్రౌన్ ష్రైక్ పిల్లేలే" అని రాసేసుకుని ముందుకు వెళ్లిపోతారు. అందుకే ఈ పక్షి విషయంలో నేర్చుకునే వరుస తిప్పెయ్యాలి. ముందు పిల్లపక్షి, తర్వాత ఆడది, చివర్న మగది. మగదాన్ని ఎవరైనా పట్టేస్తారు.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఆంధ్ర, తెలంగాణల్లో పక్షులు చూడటం అలవాటైనవాళ్లకు చలికాలం వలస వచ్చే బ్రౌన్ ష్రైక్ బాగా తెలిసిన పిట్ట. ఉద్యోగం మీద సింగపూర్, మలేసియా వెళ్లి అక్కడి పార్కులో ఓ ష్రైక్ కనబడగానే చూపు తెలిసిన పేరు వైపే లాగుతుంది. ఆ రెండిటినీ విడదీయడమే ఈ వ్యాసంలో పెద్ద పని. మిగతావి దాని చుట్టూ ఉన్నవే.

పక్షి గురించి ముందుగా నాలుగు ముక్కలు. శాస్త్రీయ నామం లానియస్ టైగ్రినస్. పొడవు 17 నుంచి 19 సెంటీమీటర్లు, బరువు దాదాపు 30 గ్రాములు. ఇంతటి పిట్ట మిడతలు, గొల్లభామలు, పేడపురుగులతో ఆగకుండా బల్లుల్ని, ఒక్కోసారి తనకంటే చిన్న పక్షుల్ని కూడా చంపి తింటుంది. పాడే పిట్టల కుటుంబాలకు చెందినదే కాబట్టి దీని కాళ్లకు గద్దకున్న పట్టు లేదు. పనంతా ముక్కుతోనే. పైముక్కు కొన వంగి ఉంటుంది, ఆ వంపు వెనకాలే చిన్న పన్నులాంటి మొన ఉంటుంది. దాంతో మెడ దగ్గర కొరికి చంపుతుంది. ఆ ముక్కే గుర్తుపట్టడంలోనూ మొదటి ఆధారం.

1. కాలం, చోటు చూసుకోండి

మే నుంచి జులై దాకా ఇది గూడు కట్టే చోట్ల ఉంటుంది: రష్యా ఆగ్నేయ మూలన ఉస్సూరి ప్రాంతం, తూర్పు చైనా, కొరియా, జపాన్. ఆకు రాల్చే చెట్ల అడవులు, వాటి అంచులు దీని నివాసం. ఆగస్టులోనే దక్షిణానికి బయల్దేరుతుంది. చలికాలం మలయా ద్వీపకల్పం, సుమత్రా, జావా, బోర్నియోల్లో గడుపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుగు ప్రయాణం.

కొత్తగా చూడాలనుకునేవాళ్లకు సింగపూర్ అంత సులువైన చోటు ఇంకోటి లేదు. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు చివరిదాకా వెళ్లండి. వలస పక్షుల్లో ముందుగా దిగేవాటిలో ఇదొకటి. బ్రౌన్ ష్రైక్‌లు సాధారణంగా సెప్టెంబరు నుంచి కనబడతాయి. కాబట్టి ఆగస్టులో ష్రైక్ కనబడితే టైగర్ అయ్యే అవకాశమే ఎక్కువ. అలాగని తేదీ చూసి పేరు రాసెయ్యకూడదు, అది ఊహను ఒకవైపు మొగ్గేలా చేస్తుందంతే. బిదాదరి పార్క్, డెయిరీ ఫార్మ్ నేచర్ పార్క్, జురాంగ్ లేక్ గార్డెన్స్ లాంటి చోట్ల చెట్ల గుబుర్లు, వాటిని ఆనుకుని నడకదారులు ఉంటాయి. ఈ పిట్టకు కావలసింది అదే.

పార్కు దొరికాక అందులో ఎక్కడ చూడాలన్నది అంతకంటే ముఖ్యం. బ్రౌన్ ష్రైక్ బహిరంగంగా కూర్చుంటుంది: గడ్డి మైదానం మధ్య కర్ర మీద, కంచె తీగ మీద, పొద నెత్తిన. దూరం నుంచే కనబడిపోతుంది. టైగర్ ష్రైక్ నీడ మనిషి. చెట్టు కొస మీదకన్నా గుబురు లోపల, ఆకుల కింద అడ్డంగా పోయే కొమ్మ మీద, నేల నుంచి రెండు మీటర్ల నుంచి ఆరు మీటర్ల ఎత్తులో కూర్చుని కిందికి చూస్తూ ఉంటుంది. అడవి అంచున ఎండ, నీడ కలిసే గీత ఉంటుంది చూడండి, ఆ గీతకు లోపలి వైపు వెతకండి. గొంగళిపురుగులు పట్టిన చెట్టు, పూత మీద ఉండి పురుగుల్ని పిలుస్తున్న చెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగొచ్చు.

సింగపూర్‌లో సూర్యోదయం ఏడింటికి అటూఇటూ ఉంటుంది. ఏడుంబావు నుంచి పదింటి దాకా మంచి సమయం. పదకొండు దాటాక ఎండకు లోపలికి పోయి కదలకుండా కూర్చుంటుంది. మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత.

2. వెంట ఏం తీసుకెళ్లాలి

8×42 బైనాక్యులర్స్ (8 రెట్లు దగ్గరగా చూపించేవి, ముందు అద్దాలు 42 మిల్లీమీటర్లవి) చాలు. నీడలో చూడాల్సిన పక్షి కాబట్టి 10×25 లాంటి చిన్న గొట్టాలవి పనికిరావు, బొమ్మ మసకగా వస్తుంది. కెమెరా ఉంటే కనీసం 400 మిల్లీమీటర్ల లెన్స్. చిన్న నోటుబుక్కు, దోమల మందు, నీళ్లు. అంతే.

3. వెతికే పద్ధతి

నడుస్తూ వెతికితే దొరకదు. ముప్పై, నలభై అడుగులు వేసి ఆగండి. ఆగిన చోట మూడు నాలుగు నిమిషాలు కదలకుండా ఉండి, గుబురులో అడ్డంగా ఉన్న కొమ్మల్ని ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే చూసుకుంటూ పోండి. మొదట మామూలు కళ్లతో చూడాలి. ఏదో కదిలిందనిపిస్తేనే బైనాక్యులర్స్ ఎత్తాలి. అద్దాల్లోంచి గుబురంతా వెతకడం మొదలుపెడితే చుట్టుపక్కల జరిగేది కనబడదు.

కదలిక ఎలా ఉంటుందో తెలిస్తే పని సులువు. ష్రైక్ ఒకేచోట కూర్చుని తల మాత్రం అటూఇటూ తిప్పుతుంది. హఠాత్తుగా నేల మీదకో ఆకుల మీదకో దూకి, ఏదో అందుకుని, అదే కొమ్మకో పక్క కొమ్మకో తిరిగొస్తుంది. ఆకుల మధ్య నుంచి నేల దాకా పోయి మళ్లీ పైకి లేచిన గోధుమ రంగు ఏదైనా కనబడితే కళ్లు అక్కడే ఉంచండి.

చెవులకూ పనుంది. దీని అరుపు గరగరగా, వరసగా తిట్టినట్టు ఉంటుంది. దానికన్నా పనికొచ్చేది చుట్టుపక్కల చిన్న పిట్టల గోల. తేనెపిట్టలు, దర్జీపిట్టలు, పిగిలిపిట్టలు ఒక గుబురు చుట్టూ చేరి ఆపకుండా అరుస్తుంటే లోపల పామో, గుడ్లగూబో, ష్రైకో ఉన్నట్టే. దగ్గరికి పరిగెత్తకుండా దూరం నుంచే ఆ పిట్టలు ఎటు తిరిగి అరుస్తున్నాయో చూడండి.

కనబడ్డాక నేరుగా దాని వైపు నడవకండి. కొంచెం పక్కకు, ఏటవాలుగా, ఆగి ఆగి వెళ్లాలి. పది పదిహేను మీటర్ల దగ్గర ఆగిపోండి, 8 రెట్ల అద్దాలకు ఆ దూరం బాగా సరిపోతుంది. ఒళ్లు బిగబట్టి, ఈకలు అణచుకుని, మెడ సాచి మిమ్మల్నే చూస్తోందంటే ఎగరబోతోందని అర్థం. రెండడుగులు వెనక్కి వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఎగిరిపోయినా వెంటపడకండి. అక్కడే పది నిమిషాలు నిలబడితే ఎక్కువసార్లు అదే మూలకు తిరిగొస్తుంది. వెంటపడితే మాత్రం అది గుబురు లోపలికి పోతుంది, ఆ పూటకు మళ్లీ బయటికి రాదు. అక్కడ పక్షి పోగొట్టుకునేవాళ్లలో సగం మంది ఇలాగే పోగొట్టుకుంటారు.

4. గుర్తుపట్టే వరుస

రంగు దగ్గర మొదలుపెట్టకండి. పచ్చని ఆకుల కింద వెలుతురుకు ఇటుక రంగు కాఫీ రంగులా, తెలుపు పసుపులా కనబడుతుంది. ఈ వరుసలో చూడండి: ముక్కు, కన్ను చుట్టూ ముఖం, వీపు, డొక్కలు, తోక. పక్షి రెండు నిమిషాలే కనబడినా మొదటి మూడూ చూడగలిగితే పేరు తేలిపోతుంది.

ముక్కు. టైగర్ ష్రైక్ ముక్కు మొదట్లో బాగా లావు. పక్కనుంచి చూస్తే తలకు తగినదానికంటే పెద్ద ముక్కు పెట్టినట్టుంటుంది. బ్రౌన్ ష్రైక్‌ది వంకరగానే ఉన్నా సన్నం. పెద్ద పక్షుల్లో ముక్కు నీలం కలిసిన నలుపు. పిల్లపక్షికి ముక్కు మొదలు గులాబీ రంగులో ఉండి కొనకు ముదురవుతుంది. ఎదురుగా చూస్తే లావు తెలియదు కాబట్టి తల పక్కకు తిప్పేదాకా ఓపిక పట్టాలి.

ముఖం. పిల్లపక్షిలో ఇక్కడే తేలిపోతుంది. ముసుగు ఉండదు, లేదా కంటి వెనక కాస్త మసక ఉంటుందంతే. కంటిపైన స్పష్టమైన తెల్ల గీత కూడా ఉండదు. ముఖమంతా ఒకే గోధుమ రంగు, దాని మీద సన్న చారలు, మధ్యలో పెద్ద నల్లటి కన్ను, కన్ను చుట్టూ పాలిపోయిన వలయం. చూడగానే అమాయకంగా అనిపిస్తుంది. అదే వయసు బ్రౌన్ ష్రైక్‌కు కంటి వెనక ముదురు పట్టీ, దానిపైన లేతరంగు కనుబొమ్మ గీత అప్పటికే కనబడుతుంటాయి, అందుకే అది కోపంగా చూస్తున్నట్టుంటుంది. వినడానికి అశాస్త్రీయంగా ఉన్నా ఫీల్డ్‌లో ఈ "అమాయకం, కోపం" తేడా పదికి ఎనిమిదిసార్లు పనిచేస్తుంది. మిగతా రెండుసార్ల కోసమే వీపు చూడాలి.

వీపు. టైగర్ ష్రైక్ ఏ వయసులోనైనా, ఆడదైనా మగదైనా, వీపు మీద నల్ల చారలుంటాయి. పిల్లపక్షిలో ప్రతి ఈక మీదా ముదురు వంపుగీత ఉండి తల నుంచి తోక మొదలు దాకా పొలుసులు పరిచినట్టు కనబడుతుంది. బ్రౌన్ ష్రైక్ పిల్లకూ మొదట్లో చారలుంటాయి, అక్కడే పొరపాటు జరుగుతుంది. కానీ దానికవి సన్నగా, మసకగా ఉంటాయి. చలికాలం వచ్చేసరికి వీపు దాదాపు శుభ్రమైపోయి డొక్కల మీదే మిగులుతాయి. కాబట్టి ప్రశ్న "చారలున్నాయా?" కాదు, "వీపు నడిమధ్యన చారలు నల్లగా, కొట్టొచ్చినట్టున్నాయా?" అని.

డొక్కలు. మగపక్షికి పొట్ట, డొక్కలు తెల్లగా శుభ్రంగా ఉంటాయి. ఆడదానికి డొక్కల మీద కాస్త పసుపు ఛాయ, అడ్డంగా నల్ల గీతలు. పిల్లదానికి రొమ్ము పక్కల నుంచి డొక్కల దాకా నెలవంకల్లాంటి గీతలు.

తోక. టైగర్ ష్రైక్ తోక పొట్టి. తల పెద్దది, తోక చిన్నది కావడంతో కూర్చున్నప్పుడు గుండ్రంగా, ముందుకు బరువుగా కనబడుతుంది. బ్రౌన్ ష్రైక్ తోక పొడుగ్గా, సన్నగా ఉండి ఒళ్లంతా సాగినట్టుంటుంది. ఒకే పక్షిని చూసి పొట్టా, పొడుగా అని చెప్పడం కష్టం. రెండూ చూసిన అనుభవం వచ్చాక మాత్రం దూరం నుంచి ఆకారం చూసే చెప్పేస్తారు.

ఇప్పుడు పెద్ద పక్షులు. మగదానికి నెత్తి, మెడ వెనక శుభ్రమైన బూడిద రంగు. నుదురు మీదుగా ఒక కన్ను నుంచి ఇంకో కన్నుకు నల్ల ముసుగు సాగుతుంది, ఆ ముసుగుపైన తెల్ల గీత ఉండదు. బూడిద రంగు ఎక్కడ ఆగిందో, ఇటుక రంగు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు తెలుస్తుంది. రెక్క మీద తెల్ల మచ్చ ఉండదు. ఆడది అదే రూపం, కానీ కాస్త వెలిసినట్టు: ముక్కుకీ కంటికీ మధ్య తెలుపు కలిసి ముసుగు తెగినట్టుంటుంది, కంటిపైన సన్నటి తెల్ల గీత, డొక్కల మీద చారలు.

పిల్లపక్షులు చలికాలం గడిపే చోటే ఈకలు మార్చుకుంటాయి. నవంబరు తర్వాత నెత్తిన అక్కడక్కడ బూడిద ఈకలు, సగం ముసుగు, సగం పొలుసులతో గందరగోళంగా ఉన్న పిట్టలు కనబడతాయి. భయపడొద్దు, వీపు మీద నల్ల చారలు, లావు ముక్కు అప్పుడూ ఉంటాయి. ఏప్రిల్ నాటికి దాదాపు అన్నీ పెద్దవాటి వేషంలోకి వచ్చేస్తాయి.

5. మోసం చేసేవి

అన్నిటికంటే పెద్ద ఉచ్చు బ్రౌన్ ష్రైక్‌లోనే ఉంది. దాని ఉపజాతుల్లో లూసియోనెన్సిస్ అనేదానికి నెత్తి బూడిద రంగులో ఉంటుంది. సింగపూర్, మలేసియాల్లో అది కూడా దిగుతుంది. "బూడిద తల, నల్ల ముసుగు, కాబట్టి టైగర్" అని రాసే పొరపాటు సాధారణంగా దీనివల్లే. తేడాలు ఇవి: లూసియోనెన్సిస్ తల మీది బూడిద రంగు లేతగా ఉండి మెల్లగా వీపు గోధుమలో కలిసిపోతుంది, గీత ఉండదు. వీపు సాదా, ఒక్క చారా లేదు. ముసుగుపైన తెల్ల అంచు ఉంటుంది. పొట్ట తెలుపు కాదు, పీచ్ రంగు. తల ఒక్కటే చూసి తీర్పు చెప్పే అలవాటున్నవాళ్లు దీని దగ్గర తప్పకుండా పడతారు.

సింగపూర్‌లో ఏడాదంతా ఉండే మూడో ష్రైక్ లాంగ్‌టెయిల్డ్ ష్రైక్. మన ఊళ్లలో తుమ్మ చెట్ల మీద కనబడేదే. పెద్దది పొరపాటు పడేలా ఉండదు, తోక పొడుగు చూస్తేనే తెలిసిపోతుంది. దాని పిల్లకు ఒంటి మీద పొలుసులుంటాయి గానీ తోక అప్పటికే పొడుగు, పైగా ముసుగు కూడా ఉంటుంది.

జపాన్, కొరియాల్లో చూసేవాళ్లకు పోటీ వేరే: బుల్‌హెడెడ్ ష్రైక్. జపాన్‌లో మోజు అంటే ఇదే. టైగర్ ష్రైక్‌ని అక్కడ చిగోమోజు అంటారు, స్థానికులను అడిగేటప్పుడు ఈ రెండు పేర్లు కలిపెయ్యకండి. మోజు మగదానికి నెత్తి ఎర్రటి గోధుమ, వీపు బూడిద. అంటే టైగర్ మగదానికి సరిగ్గా తలకిందులు. పైగా రెక్క మీద తెల్ల మచ్చ ఉంటుంది. మోజు ఆడదే తికమక పెడుతుంది, దాని పొట్ట మీదా పొలుసుల గీతలుంటాయి. అప్పుడు మళ్లీ వీపే దిక్కు: మోజు ఆడదాని వీపు సాదా గోధుమ, తోక పొడుగు.

ఈ వీపు పరీక్ష స్వదేశంలోనూ పనికొస్తుంది. ఆంధ్ర, తెలంగాణల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చారలున్న ష్రైక్ పిల్ల కనబడితే టైగర్ అని ఉత్సాహపడే ముందు బ్రౌన్ ష్రైక్ పిల్ల కాదని నూటికి నూరుపాళ్లూ తేల్చుకోండి. నాలుగు వైపుల నుంచీ ఫొటో లేకుండా ఆ పేరు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

6. ఫొటో: మూడు కోణాలు

అందమైన ఫొటో ఒక్కటి కంటే పనికొచ్చే ఫొటోలు మూడు మేలు. ఒకటి తల పక్కనుంచి, ముక్కు లావు తెలిసేలా. రెండోది వీపు. మూడోది రొమ్ము, డొక్కలు. వీపు ఫొటో కోసం పక్షి తిరిగేదాకా ఆగాలి. ఎర కోసం కిందికి వంగినప్పుడు వీపు బాగా కనబడుతుంది, ఆ క్షణానికి సిద్ధంగా ఉండండి.

గుబురు లోపల వెలుతురు తక్కువ. షట్టర్ 1/400 లేదా 1/500, ఐఎస్ఓ 1600 నుంచి 3200 దాకా పెట్టడానికి వెనకాడకండి. పిట్ట వెనక ఆకాశం ఉంటే కెమెరా మీటర్ మోసపోయి పిట్టను నల్లగా చేస్తుంది, ఎక్స్‌పోజర్ +1 పెంచండి. మగపక్షి పొట్ట మీద ఎండ పడుతుంటే తిరగేసి −⅓ నుంచి −⅔ తగ్గించండి, లేకపోతే తెలుపు కాలిపోతుంది. ఆడదాని డొక్కల మీది గీతలు మాయమయ్యేది ఇలాగే, అప్పుడు ఆడది ఫొటోలో మగదైపోతుంది. ఆటోఫోకస్ ఆకుల్ని పట్టుకుంటుంటే ఒకే బిందువు ఎంచుకుని కంటి మీద పెట్టండి. ఫ్లాష్ వద్దు.

పురుగుల్ని కొమ్మకు కట్టి, గుచ్చి పిలిపించే ఫొటోగ్రాఫర్లున్నారు. సింగపూర్‌లో వన్యప్రాణులకు అనుమతి లేకుండా ఆహారం పెట్టడం వైల్డ్‌లైఫ్ యాక్ట్ కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షి మనుషుల గుంపు మధ్య కూర్చోవడం నేర్చుకుంటే పిల్లులకు దొరికిపోతుంది. రికార్డు చేసిన అరుపు ఫోన్‌లో వినిపించడం కూడా ఇలాంటిదే.

7. తినడం చూడాలంటే

పేరు రాసుకోగానే వెళ్లిపోకండి. అసలు చూడాల్సింది ఇప్పుడు మొదలవుతుంది. పెద్ద మిడత దొరికితే ష్రైక్ దాన్ని కొమ్మకేసి బాదుతుంది, రెక్కలూ కాళ్లూ పీకేస్తుంది. గొంగళిపురుగైతే కొమ్మకు రాస్తూ లోపలిదంతా పిండేసి తింటుంది. కాలిగోళ్లలో బలం లేకపోవడంతో పెద్ద ఎరను ముల్లుకు గుచ్చి, లేదా కొమ్మ పంగలో ఇరికించి, అక్కడ పట్టు దొరికించుకుని చీల్చుకుంటుంది. ష్రైక్‌లను ఇంగ్లిష్‌వాళ్లు కసాయి పిట్టలనడానికి కారణం ఈ అలవాటే. ఇందులో మోజుది పైచెయ్యి. జపాన్‌లో శరదృతువు నుంచీ అది ముళ్లకు, ముళ్లకంచెలకు కప్పల్ని, మిడతల్ని గుచ్చి దాచి, చలి ముదిరే జనవరిలో ఎక్కువగా తింటుంది. అలా దాచింది బాగా తిన్న మగపక్షులు వేగంగా పాడుతున్నాయనీ, జత దొరికించుకోవడంలో ముందుంటున్నాయనీ 2019లో వెలువడిన పరిశోధన చూపించింది. టైగర్ ష్రైక్ దగ్గర అంతటి గోదాం కోసం వెతికి కాలం వృథా చేసుకోకండి. ఒక్కో ఎరను పంగలో ఇరికించే పని మాత్రం ఓపిక ఉంటే చూడొచ్చు.

అది తరచూ కూర్చునే కొమ్మ తెలిసిందా? పక్షి వెళ్లాక ఆ కొమ్మ కింద నేల చూడండి. ష్రైక్‌లు అరగని పురుగుల పెంకుల్ని చిన్న ముద్దగా చేసి నోటి నుంచి వదిలేస్తాయి. ఒకటి, రెండు సెంటీమీటర్ల పొడవుండే ఆ ఎండిన ముద్దను కాగితం మీద పెట్టి సూదితో విడదీస్తే పేడపురుగుల రెక్కపెంకులు, మిడత కాళ్ల ముక్కలు బయటపడతాయి. ఆ పూట ఏం తిన్నదో అందులోంచే చెప్పొచ్చు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

8. గూడున్న చోట ఎంత దూరంలో ఉండాలి

మే నుంచి జులై మధ్య కొరియా, చైనా, జపాన్‌లలో చూస్తుంటే నియమాలు మారతాయి. గూడు చెట్టు మీద ఒకటిన్నర మీటర్ల నుంచి అయిదు మీటర్ల ఎత్తులో, గిన్నె ఆకారంలో ఉంటుంది. మూడు నుంచి ఆరు గుడ్లు. ఆడది రెండు వారాలు పొదుగుతుంది, ఆ రోజుల్లో మగది తిండి తెచ్చి పెడుతుంది. పిల్లలు గూడు వదలడానికి మరో రెండు వారాలు. అంటే నెల రోజులు అవి ఆ చెట్టును వదిలి పోలేవు.

గూటి కోసం వెతకకండి. నోట్లో ఎర పట్టుకుని తినకుండా కూర్చున్న పక్షి కనబడితే, తోక ఆడిస్తూ ఆగకుండా అరుస్తుంటే, మీరు అప్పటికే గూటికి దగ్గరగా ఉన్నారు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. ఫొటో కోసం కొమ్మలు వంచడం, ఆకులు తెంచడం ఎంతమాత్రం చెయ్యొద్దు. మనం తెరిచిన దారి కాకికి కనబడుతుంది. జపాన్‌లో ఇంకా జాగ్రత్త. అక్కడ ఈ జాతి ఒకప్పటితో పోలిస్తే బాగా తగ్గిపోయి పర్యావరణ శాఖ రెడ్ లిస్టులో అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న వర్గంలో ఉంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే దీన్ని ఇంకా ప్రమాదంలో లేని జాతిగానే లెక్కిస్తారు, ఆ మాట పట్టుకుని జపాన్‌లో గూటి చిరునామా సోషల్ మీడియాలో పెట్టకండి. జిల్లా పేరు కూడా ఎక్కువే.

9. అద్దానికి కొట్టుకుని పడితే

వలస కాలంలో అపార్ట్‌మెంట్ల కింద, ఆఫీసుల గాజు గోడల కింద సొమ్మసిల్లిన పిట్టలు దొరుకుతుంటాయి. అది ష్రైక్ అయితే ముందు మీ వేళ్లు కాపాడుకోండి, ఆ ముక్కుతో రక్తం వచ్చేలా కొరుకుతుంది. పలచటి గుడ్డ పైనుంచి కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా మెల్లగా ఎత్తాలి. రొమ్మును నొక్కకూడదు, పక్షి ఊపిరి తీసుకునేది రొమ్ము కదిలితేనే.

చెప్పుల డబ్బాకు నాలుగైదు చిల్లులు పెట్టి, అడుగున గుడ్డ వేసి, పక్షిని ఉంచి మూత పెట్టండి. చీకటి, నిశ్శబ్దం, నీడ. నీళ్లు తాగించవద్దు, నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం మెతుకులు, బ్రెడ్డు వద్దు. మధ్య మధ్యలో మూత తీసి చూడటం కూడా దానికి బెదురే. గంటసేపు అలా ఉంచి, చెట్లున్న చోటికి తీసుకెళ్లి మూత తెరవండి. ఎగిరిపోతే సరే. రెక్క వేలాడుతున్నా, రక్తం కారుతున్నా, గంట తర్వాతా నిలబడలేకపోతున్నా వన్యప్రాణి రక్షణ కేంద్రానికి ఫోన్ చెయ్యాలి. సింగపూర్‌లో నేషనల్ పార్క్స్ బోర్డు ఆ పని చూస్తుంది. ఇంట్లో పెంచుకుని బాగుచేద్దామనుకోవద్దు.

10. ఈబర్డ్‌లో రాయడం

ఈబర్డ్ అంటే పక్షులు చూసేవాళ్లు తాము చూసినవి నమోదు చేసే వెబ్‌సైటు. అందులో "టైగర్ ష్రైక్, 1" అని మాత్రమే రాస్తే ఆ రికార్డుకు విలువ తక్కువ. వయసు, ఆడా మగా రాయండి. తర్వాత ఒకే వాక్యం: ఏం చూసి పేరు తేల్చారో. ఉదాహరణకు, "పిల్లపక్షి, ముక్కు లావు, మొదలు గులాబీ, ముసుగు లేదు, వీపంతా నల్ల చారలు, తోక పొట్టి, గుబురు లోపల 3 మీటర్ల ఎత్తున." ఇంత రాస్తే రికార్డులు సరిచూసే రివ్యూయర్ మళ్లీ అడగాల్సిన పని ఉండదు. మూడు ఫొటోలూ జతచేయండి, మసకగా ఉన్న వీపు ఫొటోతో సహా.

వీపు కనబడకుండానే ఎగిరిపోయిందా? అప్పుడు "ష్రైక్ జాతి" అనే సాధారణ పద్దు ఈబర్డ్‌లో ఉంది, అది ఎంచుకోండి. బ్రౌన్ ష్రైక్ అని ఊహించి రాసిన వందల పద్దుల్లో ఎన్ని టైగర్ పిల్లలున్నాయో తర్వాత ఎవరూ విడదీయలేరు. మర్నాడు పొద్దున్నే అదే గుబురుకు వెళ్లండి. వలసలో ఆగిన పక్షి తిండి బాగుంటే రెండు మూడు రోజులు అక్కడే ఉంటుంది.